మా రోజుల్లో భీముడు హీమాన్‌లోంచి పుట్టాడు

ఇప్పటి పిల్లలకి చూడ్డం రాదు. కోపం తెచ్చుకోకు నాయనా, పెద్దవాణ్ణి, చెప్పనీ. ఒక సీరియల్ వంద భాగాలు చూస్తావు. అందులో రాజుగారి కిరీటానికి ముందువైపు రాయి ఎర్రదా పచ్చదా అని అడిగితే ఫోను తీస్తావు. మెళ్లో హారం గుండెల దాకా ఉందా, బొడ్డు దాకా ఉందా అంటే మళ్లీ ఫోనే. అంత చూసీ నీ కంట్లో ఏమీ మిగల్లేదన్నమాట. అందుకే టీవీలో నీకు నచ్చిన వీరుణ్ణి బొమ్మగా చేసి బల్ల మీద పెట్టుకుంటే ముఖం ఆ నటుడిదే అవుతుంది గానీ, పాత్ర ఎక్కడో తప్పిపోతుంది.

అవును, బొమ్మలు మార్చడం గురించే చెబుతున్నా. అంగట్లో ఒక ప్లాస్టిక్ వీరుణ్ణి కొనుక్కొచ్చి, తల పీకి ఇంకో తల పెట్టి, రంగు మార్చి, బట్ట కట్టి, టీవీలో మనకి ఇష్టమైన మనిషిగా చేసుకోవడం. మా మేనల్లుడి కొడుకు మొన్న వచ్చి, ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన విద్య అన్నట్టు గంటసేపు నాకు పాఠం చెప్పాడు. కొత్తదేవిట్రా! మీ నాన్న చెడ్డీలు వేసుకునే రోజుల్లో, విజయవాడ సత్యనారాయణపురంలో, మా ఇంటి వసారాలో పాత పేపర్లు పరుచుకుని, కిరసనాయిల్లో కుంచెలు నానేసుకుని మేం చేసిన పని అదే. మీ నాన్న కూడా ఉప్పుకాగితం పట్టుకుని ఓ మూల కూచునేవాడు. అడిగి చూడు.

ముందు అప్పటి ఆదివారాల సంగతి చెప్పాలి, లేకపోతే నీకు అర్థం కాదు. రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలై మరుసటేడు జులై ఆఖర్న ముగిసింది. రెండు నెలలు తిరిగాయో లేదో 1988 అక్టోబరు 2న బి.ఆర్.చోప్రా మహాభారతం వచ్చింది, 1990 జూన్ 24 దాకా నడిచింది. అన్నాళ్లూ ఆదివారం పొద్దున బజార్లో పురుగు కూడా తిరిగేది కాదు. మాది హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ, నలుపు తెలుపు. మా ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు, పాలవాడు, వాడి తమ్ముడు, అందరూ మా ముందుగదిలోనే. హిందీ ఒక్క ముక్క రాని మా అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ చూసేది, కథ తెలుసు కదా మరి. ముప్పావు గంట, అయిపోతే అయిపోయినట్టే. ఆపడం లేదు, వెనక్కి తిప్పడం లేదు, రాత్రికి మళ్లీ చూద్దాంలే అనడం లేదు. మధ్యలో కరెంటు పోతే ఆ వారం ద్రోణాచార్యుడు ఏం కట్టుకున్నాడో ఇక తెలిసేది కాదు. అందుకని రెప్పవేయకుండా చూసేవాళ్లం. చూసింది వారం పొడుగునా తలలో తిప్పుకునేవాళ్లం.

రంగులు మా టీవీలో రావు కాబట్టి, కలర్ టీవీ ఉన్న ఇంటికి ఒకణ్ణి పంపేవాళ్లం. వాడి పని ఒక్కటే, కర్ణుడి ఉత్తరీయం ఏ రంగో చూసి రావడం. ఇద్దర్ని పంపితే రెండు రంగులు చెప్పేవాళ్లు. ఆ తగువు బుధవారం దాకా సాగేది. గురువారం ఎవరో ఒకరు ఓడిపోతే అప్పుడు రంగు డబ్బా మూత తీసేవాళ్లం. నువ్వు ఇప్పుడు తెర మీద ఆ దృశ్యాన్ని నిలబెట్టి, రెండు వేళ్లతో పెద్దది చేసి, అంచు జరీలో ఎన్ని పోగులున్నాయో కూడా చూస్తావు. చూస్తావు సరే. ఆ ఉత్తరీయం గురించి ఎవరితోనన్నా పోట్లాడావా?

ఇక బొమ్మలు. మహాభారతం సీరియల్ వీరుల బొమ్మలు బీసెంట్ రోడ్డంతా తిరిగినా మాకు దొరకలేదు. దొరికేవి రెండు రకాలు. ఒకటి హీమాన్ జాతి. మాటెల్ కంపెనీ 1982లో అమెరికాలో పుట్టించినవి, మన దేశంలో లియో పేరుతో వచ్చేవి. దాదాపు ఐదున్నర అంగుళాల బొమ్మ, ఒళ్లంతా కండలు, కాళ్లు మోకాళ్ల దగ్గర వంగి ఎవరి మీదనో దూకబోతున్నట్టు ఉంటాడు. రెండోది జీఐ జో సైనికులు, 3.75 అంగుళాలు. టైర్లు చేసే ఎమ్మారెఫ్ వాళ్లు హాస్‌బ్రోతో కలిసి 1987లో పెట్టిన ఫన్‌స్కూల్ వాళ్లు అవి అమ్మేవారు. రెండూ మధ్యతరగతి ఇంట్లో పుట్టినరోజుకి తప్ప కొనేవి కావు. కాబట్టి చెయ్యి విరిగినవి, కాలు పోయినవి, పిల్లలు పెద్దవాళ్లై వదిలేసినవి ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చేవాళ్లం. పాతసామాన్లవాడి బుట్టలో తల లేని హీమాన్ కనబడితే మాకు పండగే, తల ఎటూ మేమే చేసుకుంటాం కదా.

ఒళ్లు ఒకటే ఉంచి తలా రంగూ మార్చడం మోసం అని ఒకాయన మమ్మల్ని వెక్కిరించేవాడు. మాటెల్ కంపెనీ చేసిందీ అదే. హీమాన్ జాతిలో సగం మంది ఒకే అచ్చులో పోసిన ఛాతీలు, చేతులు, కాళ్లు పంచుకున్నవాళ్లే. ఫేకర్ అని ఒక దుర్మార్గుడున్నాడు. హీమాన్‌నే నీలంగా పోసి, హీమాన్ శత్రువు స్కెలెటర్ కవచాన్ని నారింజ రంగులో తొడిగి కొత్త పేరు పెట్టి అమ్మారు. బొమ్మల తయారీలో అది పాత సంప్రదాయం. మన కొండపల్లిలో మాత్రం, ఒకే కొలతలో చెక్కిన ఒంటికి విల్లిస్తే రాముడు, నాగలిస్తే బలరాముడు కాలేదా?

హీమాన్‌ని చూడగానే భీముడు కనబడ్డాడు మాకు. టీవీలో భీముడు ప్రవీణ్‌కుమార్, 1966లోనూ 1970లోనూ ఆసియా క్రీడల్లో డిస్కస్ విసిరి బంగారు పతకాలు తెచ్చినవాడు. ఆ భుజాలకి ఇంకే బొమ్మా సరిపోదు. మనవాళ్లకి ఇది కొత్త కాదు, 1963లో నర్తనశాల తీసినప్పుడు భీముడి వేషం బరువులెత్తే దండమూడి రాజగోపాల్‌కే కదా ఇచ్చారు. కండలు తెలిసినవాళ్ల కాలం అది. సరే, ఎక్కడున్నాం? హీమాన్ తల దగ్గర. ఆ తల మెత్తని ప్లాస్టిక్, కాగిన నీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడి చేతికి ఊడి వస్తుంది. మొండెం గట్టి ప్లాస్టిక్, దాన్ని నీళ్లలో ముంచకూడదు. పచ్చజుట్టు మీద ఉప్పుకాగితంతో బాగా గీరాలి, నున్నటి ప్లాస్టిక్ మీద ఏదీ నిలవదు. ఆ తర్వాత దాని మీద కిరీటం లేవాలి.

కిరీటానికి ఏం వాడాం? మక్కు. మక్కు అంటే ఏమిటో నీకు తెలియదు, చెబుతాను. కొండపల్లి మాకు దగ్గరే, బస్సెక్కితే గంట లోపు. అక్కడ బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన తెల్లపొణికి కర్ర చెక్కుతుంటే ఎదురుగా కూచుని చూసేవాళ్లం. ఆ కర్ర తేలిక, బొమ్మలు చెక్కడానికే పుట్టిందా అన్నట్టుంటుంది. తల వేరు, చేతులు వేరు, ఒళ్లు వేరు చెక్కి, చింతగింజల పిండి ఉడికించి సన్నని రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ ముద్దే మక్కు. అతుకు కనబడకుండా నునుపు చేసేది అదే, ముక్కు దిద్దేది అదే, తలపాగా చుట్టేదీ అదే. మీరిప్పుడు ఎక్కడెక్కడి నుంచో డబ్బాల్లో తెప్పించుకుంటున్న ఎపాక్సీ ముద్దలు చేసే పని, ఆ చింతగింజ ఎన్నో తరాల నుంచి చేస్తోంది. ఆ పెద్దాయన మాకు ఊరికే నేర్పలేదు. ముందు కొన్ని రోజులు చింతగింజలకి పొట్టు తీయించాడు. విసుగు పుట్టినవాడు మానేశాడు, పుట్టనివాడికి పాళ్లు చెప్పాడు. గురువంటే అలా ఉండాలి. ఇప్పుడు పది నిమిషాల వీడియోలో ఒకాయన గబగబా మాట్లాడి, చివర గంట నొక్కమంటాడు.

ప్లాస్టిక్ మీద మక్కు ఎక్కువకాలం పట్టి ఉండదు, ఎండితే కుంచించుకుపోయి పగులుతుంది. అందుకని లోపల సన్నని రాగితీగ చుట్టి, దాని మీద మక్కు పెట్టి, నీడన ఆరబెట్టి, పగుళ్లలో మళ్లీ మక్కు కూరేవాళ్లం. కదిలే కీలు దగ్గర ఎం-సీల్. కుళాయి గొట్టాలకి పెట్టేదే, రెండు ముక్కలూ సమంగా కలిపి పిసికితే రాయవుతుంది. గదకి పెన్సిలు ముక్క, దాని కొసన గచ్చకాయ. గచ్చకాయకి బంగారు రంగు వేసి భీముడి చేతిలో పెడితే, ఆ వంగిన కాళ్ల మీద వాడు నిలబడ్డ తీరు చూసి మా నాన్నగారే లేచి వచ్చారు.

రంగు గురించి చెప్పకపోతే నేను చెప్పిందంతా వృథా. మెత్తని ప్లాస్టిక్ తలకి ఎనామిల్ వేశావంటే నెలలు గడిచినా వేలికి అంటుతూనే ఉంటుంది. ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి అందులో కలిపేది మెల్లగా పైకి ఊరి రంగుని ఆరనివ్వదు. అందుకే తలకి పోస్టరు రంగులో కాస్త ఫెవికాల్ కలిపి, పల్చగా, ఒక పూత ఆరాక ఇంకో పూత. భుజం దగ్గర, తొడ దగ్గర రాపిడి తగిలేచోట ముందే కొంచెం అరగదీయాలి, లేకపోతే చెయ్యి ఎత్తిన ప్రతిసారీ రంగు రేగిపోతుంది. కళ్లు ఆఖర్న. కొండపల్లి వాళ్లు మేక వెంట్రుకలతో కట్టుకునే కుంచె ఒకటి అడిగి తెచ్చుకున్నాం, దాని కొసతో ఊపిరి బిగబట్టి పెట్టాలి. కనుపాప ఒక్క పిసరు పైకి జరిగితే వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టే. కళ్లు పెట్టే రోజున మా వసారాలో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

శకుని కథ వేరు. గూఫీ పేంటల్ ఆ వేషం వేశాడు, కుంటుకుంటూ నడిచి, ఒక కన్ను చికిలించి చూసేవాడు. హీమాన్ ఒంటికి ఆ నడక రాదు. జీఐ జోకి వస్తుంది. వాడికి మోచేతులు, మోకాళ్లు వంగుతాయి. వీపులో ఒక చిన్న స్క్రూ ఉంటుంది, వాచీలు బాగుచేసే అతని దగ్గర అరువు తెచ్చిన స్క్రూడ్రైవరుతో విప్పితే ఛాతీ రెండు చెక్కలుగా విడిపోయి, లోపల నడుముని పట్టి ఉంచే నల్లటి రబ్బరు రింగు కనబడుతుంది. ఆ రింగు తెగితే బొమ్మ రెండు ముక్కలు. కుళాయి సామాన్ల కొట్లో అలాంటి రింగులే చిల్లర పైసలకి దొరికేవి. ఒకడి కాళ్లు, ఇంకొకడి చేతులు, మరొకడి తల కలిపి, ఒక మోకాలు వంచి నిలబెడితే గాంధారరాజు వచ్చేశాడు. భీముడి పక్కన నిలబెడితే నడుము దాటి కొంచెం పైకి వచ్చాడు. కొలతలు కుదరలేదని ఇప్పటి మీరైతే అవతల పారేస్తారు. మాకు మాత్రం అదే సబబనిపించింది. భీముడి ముందు శకుని అంతే ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద గొడవ కృష్ణుడి దగ్గర. టీవీలో నితీష్ భరద్వాజ్ చక్కగా నవ్వేవాడు, ఆ పిల్లవాణ్ణి నేనేమీ అనను. కానీ మన ఇళ్లలో మాయాబజార్ వచ్చినప్పటి నుంచీ, అంటే 1957 నుంచీ, కృష్ణుడంటే రామారావుగారే. పైగా ఈ సీరియల్ మొదలయ్యేనాటికి ఆయన మన ముఖ్యమంత్రి కూడా. టీవీ కృష్ణుడి ఒంటికి నీలం లేదు. మా అమ్మ నీలం వేయకపోతే సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టనంది. మా తమ్ముడు టీవీలో ఉన్నట్టే ఉండాలన్నాడు. ఆఖరికి ఒళ్లు అమ్మ చెప్పినట్టు నీలం, కిరీటం తమ్ముడు చెప్పినట్టు టీవీది. అసలు నెమలీకలోంచి చిన్న ముక్క కత్తిరించి అతికించాం.

సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు. 1990 సంక్రాంతికి మెట్ల మీద తాతలనాటి దశావతారాలు, ఏనుగు అంబారీ, పింగాణీ పెళ్లికూతురు, వాటి మధ్య మా టీవీ పాండవులు. దుర్యోధనుడు పైమెట్టు మీద ఉండకూడదని అమ్మ కట్టడి. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరూ వంగి చూసి, వీడు భీముడు కదూ, అదిగో శకుని, అని గుర్తుపట్టేవాళ్లు. ముఖం పోలిక నిజానికి అంతంతే. నిలబడ్డ తీరు, మెడ వంచిన వైపు, గద పట్టిన పట్టు చూసి పోల్చుకున్నారు. వాళ్లూ మాలాగే ఆదివారం ఒక్కసారే చూసినవాళ్లు, వాళ్ల కళ్లలోనూ ఆ భంగిమే నిలిచింది. చేసినవాడూ చూసినవాడూ ఒకే జ్ఞాపకం పంచుకుంటే బొమ్మకి ప్రాణం వస్తుంది. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే, మిగతాదంతా ముసలాడి చాదస్తం అనుకున్నా ఫరవాలేదు.

ఇప్పుడో? నటుడి ముఖాన్ని కంప్యూటర్లో చెక్కిన ఫైలు కొనుక్కుంటారు. రెసిన్ ప్రింటర్‌లో వేస్తే ద్రవంలోంచి 0.05 మిల్లీమీటర్ల పొర మీద పొర గట్టిపడుతూ రాత్రికి రాత్రే తల తయారవుతుంది. దాన్ని ఆల్కహాల్లో కడిగి, అతినీలలోహిత దీపం కింద పెడితే రాయి. గట్టిపడని రెసిన్ చర్మానికి తగిలితే ప్రమాదమని చేతులకి తొడుగులు. మక్కు అంటితే చెంబెడు నీళ్లతో పోయేది! కొన్ని కంపెనీలు నటుడి ఫొటోనే బొమ్మ ముఖం మీద అచ్చేస్తున్నాయి. 2022లో హాస్‌బ్రో వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఫోనుతో నీ ముఖం నువ్వే తీసి పంపితే, స్టార్ వార్స్ వీరుడి ఒంటి మీద నీ తల పెట్టి పంపుతామన్నారు, 60 డాలర్లకి. మేం వీరుణ్ణి వెతుక్కుంటూ వారమంతా తపించాం. మీరు వీరుడి తల తీసేసి మీ తల పెట్టుకున్నారు.

న్యాయంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, దాచను. రెసిన్ విషం అన్నాను గానీ, మేం వేళ్లతో పూసిన ఎనామిల్ రంగులేమీ అమృతం కావు. అప్పట్లో ఆ రంగుల్లో సీసం బాగా ఉండేది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. రాగితీగ పెట్టినా మా కిరీటాలు వానాకాలంలో బూజు పట్టేవి, చింతగింజ కదా, పురుగు కూడా వచ్చేది. రెసిన్ తలకి ఆ బాధ లేదు. డల్లాస్‌లో ఉన్న మా మనవరాలు ప్రింటర్లో వేసిన తల మీద తనే రంగులు వేసి ఫొటో పంపింది. కనురెప్పల నీడ, పెదవి మీద తడి మెరుపు అంత చక్కగా వేసింది, మా వసారాలో ఎవరి చేతికీ ఆ పనితనం లేదు. మా వసారాలోకి ఆడపిల్లల్ని ఎవరూ రానివ్వలేదన్నది కూడా నిజం, వాళ్లని కొలువు సర్దడానికే పిలిచేవాళ్లం. ఆ పిల్ల కుంచె పట్టిన తీరు చూశాక ఎంత నష్టపోయామో తెలిసింది.

అయినా నా మాట మీద నేను ఉంటాను. 2020 మార్చి 28 నుంచి, లాక్‌డౌన్ రోజుల్లో దూరదర్శన్ వాళ్లు ఆ రామాయణ భారతాలు మళ్లీ వేశారు. ఇల్లంతా ఒక్కచోట కూచుంది, పాత రోజులు వచ్చాయని సంబరపడ్డాను. తల తిప్పి చూస్తే పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లు. దారాసింగ్ హనుమంతుడై సముద్రం దాటుతున్నాడు, అరవైకి దగ్గరపడ్డ వయసులో ఆ గద భుజాన వేసుకుని మనిషి ఎలా నిలబడ్డాడో చూడండర్రా అంటే, తర్వాత యూట్యూబ్‌లో చూస్తాం తాతయ్యా అన్నారు. ఎప్పుడు పడితే అప్పుడు చూడగలిగినదాన్ని ఎప్పటికీ చూడరు. మీ బొమ్మల్లో లోపం ప్రింటర్‌ది కాదు, అది తన పని తాను చేస్తోంది. మనిషి చేయాల్సిన పని, మనసు పెట్టి చూడటం, అది ఎవరూ చేయడం లేదు.

అందుకని నీకొక పని చెబుతాను, చెయ్యి. నీకు నచ్చిన సీరియల్లో నీకు నచ్చిన మనిషిని ఎంచుకో. ఒక్క భాగం, ఒక్కసారి, ఆపకుండా చూడు. ఫోను అవతల గదిలో పెట్టు. తర్వాత వారం రోజులు ఆ మనిషి ఎలా నిలబడతాడు, కోపమొస్తే మెడ ఎటు వంచుతాడు, మాట్లాడేటప్పుడు చేతులు ఏం చేస్తాయి అని తలుచుకో. ఇంట్లో వాళ్లతో వాదించు. ఆ తర్వాత ఒక పాత బొమ్మ తీసుకుని చేతికి దొరికినదాంతో మొదలుపెట్టు. ముఖం కుదరకపోతే ప్రింటర్లోనే వేసుకో, నేనేమీ అనను, ఒళ్లు మాత్రం నీ జ్ఞాపకంలోంచి నిలబెట్టు. మక్కు కలపడం రాకపోతే మా ఇంటికి రా, నేర్పుతాను. చింతగింజలు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి, పొట్టు కూడా నువ్వే తీయాలి.